పుట్టింటి చీరకి పద్నాలుగు గంటలు

మా చిన్నప్పుడు... ఉయ్యూరులో మా నాయనమ్మ పోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పక్కింటి పిన్నిగారు పిల్లలందరికీ పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టారు. మేం వసారాలో కూర్చుని తింటున్నాం... పెద్దవాళ్ళంతా వీధి చివరికే చూస్తున్నారు.

నాయనమ్మ తమ్ముడు మంగళగిరి నుంచి రావాలి. మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి... అది పడితేగానీ పాడె లేవదు. ఎన్ని కిలోమీటర్లని ఎవరూ అడగలేదు. "బెజవాడలో బస్సు దొరికితే వచ్చేస్తాడులే" అన్నారు, అంతే.

వచ్చాడు. మగ్గం మీద పూర్తయిన చీరని అప్పటికప్పుడు కోసుకొచ్చాడట... ఇంకా గంజి వాసన పోలేదు. అక్క మీద కప్పి, అంచు సర్ది, అక్కడే కూలబడిపోయాడు.

పోయిన నెల మా అమ్మ పోయింది... బెజవాడ గుణదలలో, మా ఇంట్లోనే. అమ్మకి ఒక్కడే తమ్ముడు. ఆక్లండ్‌లో ఉంటాడు. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పగానే, "అక్కకి చీర నేనే కప్పాలి, ఆపండమ్మా" అన్నాడు.

మా బాబాయి ఫోన్లో రెండు ఊళ్ళ పేర్లూ కొట్టి చూశాడు. "పదకొండు వేల కిలోమీటర్ల పైమాటే... అయినా పద్నాలుగు గంటలేనంట. రేపు పొద్దున్నకల్లా ఇక్కడుంటాడు, ఆపుదాం" అన్నాడు. అందరూ సరేనన్నారు. నేనూ తలూపాను. ఐస్ పెట్టె తెప్పించారు.

ఆ పద్నాలుగు గంటలూ మధ్యలో ఎక్కడా ఆగకుండా ఎగిరితే పట్టే టైమట. అసలు అలాంటి విమానమే లేదని మాకెవరికీ తోచలేదు. టికెట్టు దొరకాలి, సింగపూర్‌లో మారాలి, హైదరాబాద్‌లో దిగి మళ్ళీ గన్నవరం విమానం ఎక్కాలి... మర్నాడు పొద్దున్న అయింది, మధ్యాహ్నమూ అయింది. మావయ్య ఫోన్ కలవడం లేదు.

"ఇంక ఆపకూడదమ్మా" అన్నాడు బాబాయి, నా మొహం చూడకుండా.

వన్ టౌన్ వెళ్ళి నేనే చీర తెచ్చాను. కొట్టాయన "ఫంక్షనుకాండీ?" అంటూ నాలుగు రంగులు పరిచాడు. చేతికి దగ్గరున్నది తీసుకున్నాను... ఏ రంగో ఇప్పుడు గుర్తులేదు. అమ్మకి వరసకి తమ్ముడయ్యే ఒకాయన కప్పారు. తీసుకెళ్ళిపోయారు.

అందరూ స్నానాలు చేశాక నా ఫోన్ మోగింది. "హైదరాబాద్‌లో దిగానమ్మా. చీర చేతిలోనే ఉంది... అక్కని అప్పుడే తియ్యొద్దని చెప్పు, వచ్చేస్తున్నా."

నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. "జాగ్రత్తగా రా మావయ్యా" అన్నాను. ఇంకో విమానం ఎక్కి దిగేదాకా అయినా ఆయనకి అక్క ఉంటుందనిపించింది.

వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఖాళీ హాలు చూశాడు. చీర నా చేతిలో పెట్టి గోడవారన కూర్చున్నాడు.

దూరాలన్నీ తగ్గిపోయాయంటున్నారు... ఏమో. ఆ రోజుల్లో బస్సు కోసం ఆగితే బస్సు వచ్చేది.

ఆ చీర నా బీరువాలో ఉంది. కట్టుకోవచ్చో, ఎవరికైనా ఇవ్వాలో, కృష్ణలో వదిలెయ్యాలో మా ఇంట్లో చెప్పే పెద్ద ఆడవాళ్ళు లేరు. మీ వైపు, ఆలస్యంగా వచ్చిన పుట్టింటి చీరని ఏం చేస్తారు? తెలిసినవాళ్ళుంటే చెప్పండి...