ఇంజను పారబోసే వేడి

రెండు వేల సంవత్సరం దాటినంక సంగతి. నా పెనిమిటి పోయిండు, ఇంట్లో మాట్లాడేటోళ్లు లేరు. బూర్గంపాడు దాటి అడవంచున మా ఊరు, కరెంటు తీగ రాలేదు. ఎవరో సంస్థవాళ్లు వచ్చి కట్టెల గ్యాసుతో నడిచే ఇంజను పెట్టి, దానికి పిండి గిర్ని తగిలించిండ్రు. కట్టెలు కొట్టి వేసే పని నాకిచ్చిండ్రు.

ఇంజనును చల్లబరిచిన నీళ్లు పక్కన డ్రమ్ములోకి వేడివేడిగా వచ్చేవి, అక్కడ చల్లారి మళ్లీ ఇంజనులోకి పోయేవి. జొన్నలు పట్టించ వచ్చిన ఆడోళ్లు ఆ నీళ్లు తోడి కాళ్ల మీద పోసుకుంటూ కూసునేటోళ్లు. ఒకామె కోడల్ని తిట్టేది, ఒకామె మొగుణ్ని. నేను వినేదాన్ని. నాకు ఆ షెడ్డే ఇల్లు.

మా ఊరి పెద్ద నాకు వరసకు బావ. ఆ వేడి వృథా పోతుంటే ఓర్వలేకపోయిండు. పొయ్యికి సందుంటే మట్టి మెత్తుతం, కట్టె మిగులుతది. గట్లనే డ్రమ్ము చుట్టూ మట్టి మెత్తించి మూత పెట్టించిండు. కాసేపటికే నీళ్లు కుతకుత ఉడికినయ్, ఇంజను ఆగింది.

బాగుచేయ వచ్చిన సారు మట్టి చూసి నెత్తి పట్టుకున్నడు. వేడి చల్లటి దిక్కుకు పోతుంటేనే పని జరుగుతదట. ఎంత మంచి ఇంజను చేసినా కట్టెల వేడంతా పని కాదట, ఎక్కువ భాగం వదులుకోవాల్సిందేనట. ఇప్పుడు ఇవన్నీ రాస్తున్న గానీ అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. అయినా సమజైంది. బావకూ సమజైంది.

"గంత పారబోసే దానికి అడవి నరికి పెట్టాల్నా? బంద్ చేద్దాం" అన్నడు.

"నువ్వు తిన్న బువ్వంతా పనికే పోతుందా బావా? పొద్దంత అరుగు మీదనే ఉంటవ్ గదా" అన్న.

ఆడోళ్లు నవ్విండ్రు. బావ కూడా నవ్విండు, మాట మాత్రం మార్చలేదు. ఆయనది తప్పని నేననలేను. దగ్గరి కట్టె ఒడిసింది, రోజూ ఇంకాస్త లోపలికి పోయి తెచ్చేది నేనే.

ఇంజను బంద్ అయింది. అందరూ పిండికి బూర్గంపాడు పోవుడు మొదలుపెట్టిండ్రు. ఒకనాడు నేనూ పోయిన. కరెంటు గిర్ని, నడిపేటాయన జల్దీ పట్టి సంచి చేతికిచ్చిండు. కూసునే జాగ లేదు, కూసునేటోళ్లూ లేరు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పక్కన మా ఊరామెనే, కోడల్ని తిట్టే ఆమె ఉంటే, కోడలెట్లుందని అడిగిన. ఆటో చప్పుడుకు ఆమెకు వినబడలేదు. నేను మళ్లీ అడగలేదు.