అమ్మ గీసిన గీత

"తలుపు పక్కన ఈ పెన్సిల్ గీతలు కొట్టేయమంటారా మేడం?" అనడిగాడు మా ఫ్లాట్‌కి రంగులేస్తున్నతను. అవి మా అమ్మాయి ఎత్తు కొలిచిన గీతలు. పెయింట్ వాసనకి నాకు చిన్నప్పటి ఇంకో గోడ గుర్తొచ్చింది.

నా తొమ్మిదో ఏట వేసవి సెలవుల్లో, మా చర్చి యూత్ వాళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర ఒక అనాథాశ్రమానికి మూడు రోజులు సేవకని వెళ్తుంటే, అన్నయ్య వెంట నేనూ వెళ్ళాను. హాలు గోడలకి నీలం రంగు వేయడం మా పని. ఆ ఆశ్రమంలో ఉండే నా ఈడు పిల్ల మరియ గోడ మీద ఒకచోట అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆటనుకున్నాను. తను అన్నానికి వెళ్ళగానే అక్కడా బ్రష్ తిప్పేశాను.

తిరిగొచ్చి, తడి గోడంతా తడుముతూ ఏడ్చింది.

"అది వాళ్ళమ్మ గీసిన గీత పాపా," అంది అక్కడి వంటామె. "అంత ఎత్తు పెరిగాక వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళింది."

నాకు భయమేసింది. మర్నాడు రంగు ఆరాక మరియని గోడకి ఆనించి, తల మీద స్కేలు పెట్టి కొత్త గీత గీశాను.

"చూడు, గీత దాకా వచ్చేశావు!"

"నిజంగా?" అంటూ మొదటిసారి నవ్వింది. హమ్మయ్య, సరిచేసేశాననుకున్నాను.

సాయంత్రం మేం బస్సెక్కేసరికి మరియ తల దువ్వుకుని, బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని గేటు దగ్గర కూర్చునుంది. మాకు టాటా చెప్పడానికే అనుకుని చెయ్యి ఊపాను. తను నన్ను చూడలేదు. మా బస్సు అడ్డొస్తే పక్కకి వంగి రోడ్డు వైపే చూస్తోంది.

అలా ఎంతసేపు కూర్చుందో తెలియదు. మేమూ మళ్ళీ వెళ్ళలేదు.