నా వాటాలో మిగిలిన పుస్తకం

పోయిన సోమవారం ప్రొద్దుటూరులో నేను పనిచేసే లైబ్రరీకి ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఒక అట్టపెట్టె నిండా పాత పుస్తకాలు తెచ్చి వరండాలో పెట్టి పోయారు. దుమ్ము దులుపుతూ ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాను. నాలుగోదో అయిదోదో, అట్ట చిరిగిన నవల ఒకటి తెరవగానే మిషన్ నూనె వాసన ముక్కుకు తగిలింది. కుట్టుమిషన్‌కు వేస్తారే, ఆ నూనె. పేజీలు తిప్పితే మధ్యలో వేలెడు పొడుగున మామిడాకు రంగు జాకెట్టు గుడ్డముక్క ఉంది. వెనక అట్టకు అంటించిన కాగితపు సంచిలో నాలుగు మడతల చీటీ. మొదటి పేజీ మీద మా పాత జమ్మలమడుగు లైబ్రరీ ముద్ర. అట్టపెట్టె పక్కనే నేల మీద కూలబడ్డాను. పదిహేనేళ్ళుగా ఈ ఒక్క పుస్తకం కోసమే చూస్తున్నాను మరి. అయినా చీటీ మాత్రం విప్పలేదు. ఎందుకు విప్పలేదో తెలియాలంటే ముందు నూరక్క సంగతి చెప్పాలి.

ఆమె పేరు నూర్జహాన్. జమ్మలమడుగులో అందరికీ నూరక్క. లైబ్రరీకి నాలుగిళ్ళ అవతల ఒక గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టేది. భర్త కువైట్‌లో డ్రైవరు. ఒక్కతే కూతురు, ఆ పిల్లను పులివెందులకు ఇచ్చారు. నూరక్క చదివింది ఏడో తరగతి. కానీ ఆ రెండు గదుల లైబ్రరీలో ఆమె చదవని నవల లేదంటే నమ్మండి. చదివిన పుస్తకాన్ని ఊరికే తిరిగిచ్చేది కాదు. తన మనసు ఎక్కడ ఆగిందో ఆ పేజీలో, ఆ రోజు కత్తిరించిన గుడ్డలోంచి ఒక ముక్క పెట్టేది. తన అభిప్రాయం చీటీ మీద రాసి వెనక సంచిలో పెట్టేది. తర్వాత ఆ పుస్తకం తీసుకునేవాళ్ళు అట్ట మీద బొమ్మ చూసేవారు కాదు, నూరక్క చీటీ చూసేవారు. గుడ్డముక్క కనిపించగానే "ఇది నా పెండ్లి జాకెట్టు గుడ్డ గదా!" అని మురిసిపోయి, ఆ ఒక్క కారణానికే నవలంతా చదివిన కొత్త కోడలు కూడా నాకు తెలుసు.

చీటీల మీద పొగడ్తలు తక్కువ. ఒక నవల వెనక ఇలా ఉండేది: "ఈ పుస్తకంలో ఎవురూ అన్నం తినరు. నూటా ఎనభై పేజీల్లో ఒక్క పూట గూడా తినలేదు. అట్లాంటోళ్ళకు కష్టాలు రాకుండా ఎట్లుంటాయి?" ఒక అపరాధ పరిశోధన వెనక: "చంపింది డాక్టరేనని ముప్పయ్యో పేజీలోనే తెల్సిపాయ. నాదే తప్పేమోనని కడా దాకా చదివినా. తప్పు కాదు." కుట్టుపని చేసే పిల్ల కథ ఒకటి ఉంటే దాని వెనక: "భుజాలు కలపకముందే చేతులు అతికించిందంట. రాసినాయన ఒక దినం నా దగ్గరికొచ్చి కూచోవల్ల."

అప్పటికి నాకు ఇరవై అయిదేళ్ళు. మాది సింహాద్రిపురం పక్క పల్లె, గొర్రెలు మేపే ఇల్లు. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన ఆడపిల్లను నేనే కాబట్టి నాకు కొంచెం పొగరు ఉండేది. కొంచెం ఏమిటి, బాగానే ఉండేది. లైబ్రరీలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం దొరికితే, బల్ల మీద గ్రూప్ పరీక్షల గైడు పెట్టుకుని తల ఎత్తకుండా కూర్చునేదాన్ని. కథలూ నవలలూ పనిలేనివాళ్ళ వ్యవహారమని నా గట్టి నమ్మకం. ఒకసారి పెద్ద సారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. మా లైబ్రేరియన్ సారు సెలవులో ఉన్నారు. ఇదే అదను, నా తెలివంతా చూపిద్దామని మూడు రోజులు బీరువాలు ఖాళీ చేసి, ప్రతి పుస్తకాన్నీ తలకిందులు చేసి దులిపాను. ఎండిన పూలు, బస్సు టికెట్లు, నూరక్క గుడ్డముక్కలు, చీటీలు అన్నీ కలిపి ఒక గోనెసంచి అయింది. మునిసిపాలిటీ ట్రాక్టరు వస్తే నా చేతులతోనే ఎత్తి వేశాను. పెద్ద సారు వచ్చారు, ఫ్యాను కింద కూర్చుని టీ తాగారు, సంతకం పెట్టి వెళ్ళారు. ఒక్క పుస్తకం తెరిచి చూసుంటే ఒట్టు.

మరుసటి రోజు నూరక్క వచ్చింది. ఒక పుస్తకం తీసి వెనక చూసింది. ఇంకొకటి తీసింది. మూడోది కూడా చూసి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నా చీటీలు యాడికి పాయ మే?"

"తనిఖీ ఉన్నింది గదక్కా. అంతా శుభ్రం చేసినా" అన్నాను, మెచ్చుకుంటుందేమో అన్నట్టు.

"పదకొండేండ్లు రాసినా. నీకు కసువు మాదిరి కనపడిన్యా?"

నాలుగు తిడితే నేనూ రెండు అందామని సిద్ధంగా ఉన్నాను. ఆమె తిట్టలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ బెంచీ మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది: చక్కెర జబ్బు కంట్లోకి దిగిందట, కంటి డాక్టరు ఇంక రెండేళ్ళు చూపుంటే గొప్ప అన్నాడట. చూపు పోయినా చీటీలు ఉంటాయిలే, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారులే అని ధైర్యంగా ఉండేదట. "తప్పయింది అక్కా" అన్నాను. ఆ మాట ఆమె విననట్టే కళ్ళజోడు పెట్టుకుని లేచింది.

"పుస్తకాలిచ్చే రిజిస్టరు తియ్యి" అంది.

జాకెట్టు కొలతలు గీసుకునే బ్రౌన్ పేపరు ఒకటి తెచ్చి, రిజిస్టర్లో తన పేరు మీదున్న పుస్తకాలన్నీ నా చేత రాయించింది. రెండు వందల నలభై తేలాయి. పేపరు మధ్యలో పై నుంచి కింది దాకా గీత కొట్టింది.

"ఈ సగం నాది, ఆ సగం నీది. పారేసింది నువ్వు గాబట్టి నువ్వు గూడా చదవల్ల, రాయల్ల."

"నాకు పరీక్షలుండాయక్కా!"

"నాకు కండ్లు పోతాండాయి. ఎవురిది అర్జెంటు?"

ఆమె ఇంకో షరతు పెట్టింది. "నేను ముందు ఏం రాసింటినో అడగొద్దు. నాది చూస్తే నీది పుట్టదు." ఆ షరతు వల్లే మొన్న దొరికిన చీటీ విప్పకుండా పక్కన పెట్టాను.

మొదట్లో నేను చేసింది దొంగ పని. ఆరో పుస్తకం మహా లావుగా ఉంది. ఇరవై పేజీలు చదివి, వెనక అట్ట మీద ఉన్నది చూసి, "ముగింపు హృదయాన్ని కదిలించింది, కన్నీళ్ళు ఆగలేదు" అని రాసి పెట్టాను. నూరక్క ఆ చీటీ చదివింది. పుస్తకం తెచ్చి నా ముందు ఆఖరి పేజీ తెరిచింది. వాక్యం సగంలోనే ఆగిపోయి ఉంది. ఆ తర్వాత పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి, దారపు పోగులు మాత్రం వేలాడుతున్నాయి.

"లేని పేజీలకు ఏడ్చినావా మే?"

గైడులో ఉన్నది బట్టీ కొట్టి రాస్తే మార్కులు వచ్చే చదువే అప్పటిదాకా నాకు తెలిసింది. నూరక్క నా పక్కనే కూర్చుని మెల్లగా అంది: "బాగలేకపోతే బాగలేదని రాయి. సగం చదివితే సగమే చదివినానని రాయి. నీది గానిది మాత్రం రాయొద్దు. నిన్ను నమ్మి ఇంగొకరు ఈ పుస్తకం ఇంటికి తీస్కపోతారు."

ఆ పుస్తకం నేనూ ఇంటికి తీసుకుపోయి, ఉన్నంత వరకూ చదివాను. పాత చీటీ చింపేసి ఇంకోటి రాశాను: "మొదటి యాభై పేజీలు విసుగు. గొర్రెలు కాసే ముసలాయన వచ్చినాక బాగుంది. కానీ రాసినాయనకు గొర్రెలు తెలియవు. వానకు గొర్రెలు చెల్లాచెదురు కావు, తలలు దగ్గర పెట్టుకుని ఒకచోటే నిలబడతాయి. ఆఖరి పేజీలు లేవు." నూరక్క అది రెండుసార్లు చదివి పకపకా నవ్వింది. "ఇదీ నువ్వంటే!" అంది. పరీక్షల్లో ఎన్ని మార్కులు వచ్చినా నాకు అంత సంతోషం కలగలేదు.

ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు మా పని సాగింది. నూరక్క పొద్దున పదకొండు దాకా మిషన్ తొక్కి, ఆ తర్వాత లైబ్రరీ కిటికీ పక్క బెంచీ మీదికి వచ్చేది. కాజాలు కుట్టే సన్న పని పూర్తిగా మానేసింది. "కండ్లు పోతాంటే ఈ పుస్తకాలేంది నూరక్కా?" అని వీధిలోవాళ్ళు మందలిస్తే, "కంట్లో మిగిలింది యాడ ఖర్చు పెట్టల్నో నా ఇష్టం" అనేది. నెల నెలకూ పుస్తకం ఆమె ముక్కుకు దగ్గరవుతూ వచ్చింది. ఆమె వాటాలో ఆఖరి పుస్తకాలు నేనే పైకి చదివాను. ఆమె చెబుతుంటే చీటీలు రాశాను. గుడ్డముక్క మాత్రం నన్ను ముట్టనిచ్చేది కాదు, తడుముకుంటూ తనే పెట్టేది. ఆ గొడవలో నా గ్రూప్ పరీక్ష కాస్తా పోయింది. ఇంట్లో అందరూ తిట్టారు. నేను లైబ్రరీ సైన్స్ కోర్సులో చేరాను. ఆ నిర్ణయానికి ఈ రోజు దాకా నేను బాధపడలేదు.

బ్రౌన్ పేపరు మీద అన్నిటికీ టిక్కులు పడ్డాయి, ఒక్కదానికి తప్ప. అది నేను బీరువాలు దులపకముందే ఎవరో తీసుకుపోయి, ఊరు మారిపోయిన పుస్తకం. గీతకు నా పక్కన ఉంది. చూపు పూర్తిగా తగ్గాక కూతురు నూరక్కను పులివెందులకు తీసుకుపోయింది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి ఏదో ఒకటి చదివి వినిపించేదాన్ని. ఆఖరిసారి నేను వెళ్ళినప్పుడు మంచం మీదే ఉంది. నా గొంతు వినగానే అడిగిన మొదటి మాట, "ఆ ఒక్కటి దొరికిందా?"

"లేదక్కా."

"దొరుకుతుంది. నేనున్నా లేకపోయినా చదువు. వాటా వాటానే."

ఆ తర్వాత నాలుగు నెలలకు ఆమె పోయింది. నేను పులివెందుల చేరేసరికే అంతా అయిపోయింది.

మొన్నటి పుస్తకానికి మూడు రోజులు పట్టింది. మొగుడి ఇల్లు వదిలి వచ్చి, టైపు నేర్చుకుని, తన కాళ్ళ మీద తను నిలబడిన ఒకామె కథ. అద్దె గదికి మొదటిసారి తాళం కొనుక్కునే పేజీలో నూరక్క గుడ్డముక్క ఉంది. కడాకు మొగుడికి జబ్బు చేసిందని తెలిసి ఆమె తిరిగి వెళ్ళిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ముగింపు నాకు నచ్చలేదు. అంత కష్టపడి నిలబడిన మనిషి అంత సులువుగా వెనక్కి పోదు. రాసినాయన భయపడ్డాడు" అని చీటీ రాశాను. బ్రౌన్ పేపరు తీసి, మిగిలిన ఆ ఒక్క పేరు పక్కన టిక్కు పెట్టాను. అప్పుడు నూరక్క చీటీ విప్పాను.

"తిరిగి పాయ. పోనీలే. తాళంచెవి మాత్రం పారేయలేదు, కొంగుకు కట్టుకొనే పాయ. అది చూడనోళ్ళు ఈ పుస్తకం చదవనట్లే లెక్క."

గబగబా ఆఖరి పేజీ తీశాను. ఉంది. ఒకే ఒక్క వాక్యం, నా కోపంలో దాటేసి పోయాను. వాదించడానికి కూడా ఇప్పుడు నూరక్క లేదు కదా అని వెక్కివెక్కి ఏడ్చాను. ఈసారి ఏడ్చింది ఉన్న పేజీలకే. కళ్ళు తుడుచుకున్నాక నా చీటీ చింపేసి, తాళంచెవి సంగతి నేనే కనిపెట్టినట్టు ఇంకోటి రాయాలని చెయ్యి ముందుకు పోయింది కూడా. పోనివ్వలేదు. నేను రాసింది రాసినట్టే ఉంచి, కింద ఒక వరుస చేర్చి, రెండు చీటీలూ కలిపి మడిచి వెనక సంచిలో పెట్టాను. ఆ వరుస ఇది: "తాళంచెవి నేను చూడలేదు. నూరక్క చూసింది."