సైకిలు చెప్పులు

హైదరాబాదు నుంచి పనిమీద గుంటూరు వెళ్లినప్పుడల్లా నా సైకిలు కూడా తీసుకెళ్లి, అక్కడి మిత్రుల ఆదివారం సైకిల్ సవారీలో కలిసేవాణ్ణి. గేర్ల సైకిళ్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. నాది ఎలాంటి డొంకదారిలోనైనా దూసుకుపోయేది. ఓ ఆదివారం మేం వెళ్తున్న డొంక తిన్నగా ఒక మిర్చి కల్లంలోకి దిగింది. ఎండబోసిన కాయల మధ్య సన్నటి బాట తప్ప వేరే దారి లేదు.

“కల్లంలోకి చెప్పులతో రాకూడదండీ!” అని కేకేసింది కాయలు తిరగేస్తున్న పెద్దావిడ.

పంటకిచ్చే ఆ మర్యాద నాకూ తెలుసు. బూట్లు విప్పి హ్యాండిల్‌కి తగిలించి, దర్జాగా సైకిలెక్కాను.

“మీరు విప్పారు సరే, మరి దాని చెప్పులో?” అందావిడ టైర్లు చూపిస్తూ.

నవ్వబోయాను. ఆవిడ నవ్వట్లేదు. అయిదుగురం సైకిళ్లు భుజానికెత్తుకుని, ఒట్టి కాళ్లతో కల్లం దాటాం.

ఇప్పటికీ నా సైకిలు మా గుమ్మం బయటే, చెప్పుల పక్కనే ఉంటుంది.