అబూ ఖాలిద్ సంతకం

మొన్న మా అపార్ట్‌మెంటు మెట్ల కటకటాలకు రంగు వేస్తుంటే తలుపు సందులోంచి థిన్నర్ వాసన లోపలికి వచ్చింది. పక్కింటివాళ్ళు ముక్కు మూసుకుని కిటికీలు తెరుస్తుంటే నేను చపాతీ పిండి చేతులతో అలాగే నిలబడిపోయాను. నా ఎనిమిదో ఏట ఆ వాసన వచ్చిందంటే నాన్న వచ్చినట్టే.

అప్పట్లో మేం ఈ అరబ్బు ఊళ్ళోనే, బ్నీద్ అల్ గార్ పేటలో, ఎప్పుడూ పాడై ఉండే లిఫ్టు గల భవనంలో, నాలుగో అంతస్తులో ఉండేవాళ్ళం. మెట్ల మలుపులో సుద్దతో గళ్ళు గీసి, పెప్సీ మూతే బిళ్ళగా, కింది అంతస్తు ఈజిప్టు పిల్లతో తొక్కుడుబిళ్ళ ఆడుతూ సగం అరబ్బీ నేర్చుకున్నాను. ఎండలు తగ్గి తొలిచినుకులు పడితే మట్టివాసన బదులు దుమ్ము వాసన వచ్చేది. దీపావళికి అమ్మ సున్నుండలు చుట్టి, వంటింటి కిటికీలో రెండు ప్రమిదలు పెట్టేది. ఇంట్లో ఉల్లిపాయ వేగితే మొదట తలుపు తట్టేది ఆ ఈజిప్టు పిల్లే.

మాది రాజోలు దగ్గర. నాన్న అల్ రాయ్‌లో అబూ ఖాలిద్ అనే పెద్దాయన షెడ్డులో కార్లకు రంగులు వేసేవాడు. ఆయనే నాన్నకు కఫీల్, అంటే పని ఇచ్చేదీ, ఈ దేశంలో ఉండటానికి పూచీ పడేదీ ఆయనే. నాన్న ఇఖామా, ఇక్కడ ఉండే పర్మిట్టు, ఆయన చేతిలో, అమ్మదీ నాదీ నాన్న ఇఖామా వెనకాల. రంగు తుంపరలు ఎగిరే ఆ షెడ్డులో కూడా మల్లెపువ్వులాంటి తెల్లటి పొడుగు దిష్‌దాషా అంగీతో తిరిగే ఆయన్ని చూస్తే నాకు నోరు పెగిలేది కాదు.

ఆ ఏడు నాన్నకు దగ్గు పట్టుకుంది. స్ప్రే కొట్టడం మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు చెప్పాడు. వీధి చివరి పెద్ద వర్క్‌షాపువాళ్ళు స్ప్రేతో పనిలేకుండా రంగులు కలపడానికి మాత్రమే రమ్మన్నారు. అబూ ఖాలిద్ రిలీజ్ కాగితం మీద సంతకం పెడితేనే ఇఖామా అక్కడికి మారుతుంది. కోపం వచ్చి రద్దు చేస్తే మా ముగ్గురికీ ఇంటిదారే. పైగా ఇఖామా గడువు ఇంక నెలే ఉంది.

"ఆయన కోపమొచ్చి కేన్సిల్ కొట్టేత్తే?" అంది అమ్మ.

"చెప్పకుండా ఎలా ఎల్తానే? పన్నెండేళ్ళు ఆయన ఉప్పు తిన్నాను," అన్నాడు నాన్న.

వెళ్ళి అడిగాడు. దగ్గు మాట మాత్రం చెప్పలేదు, జాలి కోసం అడిగినట్టు ఉంటుందని. అబూ ఖాలిద్ అంతా విని, టీ తాగి, చూద్దామని లేచిపోయాడట. ఒక వారం, రెండు వారాలు గడిచాయి. అమ్మ నూనె డబ్బా కొనడం మానేసి చిన్న సీసాలు తేవడం మొదలెట్టింది. మంచం కింది పెట్టె దులిపింది. బడిలో కొత్త సివిల్ ఐడీ నకలు అడిగితే, ఇఖామా తేలందే ఆ కార్డు రాదని చెప్పలేక నేను తలవంచుకున్నాను.

ఆ శుక్రవారం అబూ ఖాలిద్ కబురు పంపాడు. తన పాత కారు తలుపుకి సొట్ట తీయించాననీ, దానికి రంగు కలపమనీ. ఇంట్లో ఉండలేక నేనూ నాన్న వెంట వెళ్ళాను.

ఇరవై వేసవులు కాగిన ఆ కారుది ఏ రంగో చెప్పడానికి మాట లేదు. నాన్న తెలుపులో పసుపు వేశాడు, మట్టిరంగు వేశాడు, పుల్ల చివరతో ఒకే ఒక్క నలుపు చుక్క విదిలించాడు. చిన్న రేకుముక్కకి పూసి, ఎండలో ఆరబెట్టి, కారు తలుపుకి ఆనించాడు. రేకు కనిపించలేదు. నిజంగా కనిపించలేదు, తలుపులో కరిగిపోయినట్టు. మా నాన్న అంతటివాడని అప్పటిదాకా నాకు తెలియదు. అబూ ఖాలిద్ కూడా వేలితో తడిమి తడిమి అంచు వెతుక్కున్నాడు.

ఇంత పనివాణ్ణి ఎందుకు వదులుకోవాలని ఆయన నన్నే అడిగాడు. నాన్న నోరు విప్పకముందే నేను బడి అరబ్బీలో అనేశాను:

"మా నాన్నకు ఊపిరాడటం లేదు తాతా. ఈ పొగ పీల్చకూడదని డాక్టరు చెప్పాడు."

నాన్న నా భుజం పట్టుకున్నాడు. అబూ ఖాలిద్ షెడ్డు కప్పు వైపు, గోడలకు పేరుకున్న రంగు పొర వైపు చాలాసేపు చూశాడు. ముందే ఎందుకు చెప్పలేదని నాన్నని అడిగిన గొంతులో కోపం లేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన మా నాలుగంతస్తులూ ఎక్కి వచ్చాడు, ఆయాసపడుతూ. అమ్మ ఇచ్చిన సున్నుండ నిలబడే తిని, నాన్నని తన కారులో కార్మిక శాఖ ఆఫీసుకు తీసుకెళ్ళి, వరుసలో పక్కనే కూర్చుని సంతకం పెట్టాడు. "ఖలాస్" అన్నాడట, అంతే. తరవాత నాన్న పండగకి పలకరించడానికి వెళ్తే కుర్చీలోంచి లేవకుండా చెయ్యి ఇచ్చేవాడు. నాన్న తనని వదిలిపోయాడన్న నొప్పి ఆయనకి ఉండేదనుకుంటాను.

ఇప్పుడు ఆ షెడ్డు ఉన్నచోట అద్దాల షోరూము ఉంది. రంగుని యంత్రం చూసి చెబుతుంది. నేను ఈ ఊళ్ళోనే టీచర్ని. కిందటి నెల బడి మారాను, ఇఖామా బదిలీ ఫోన్లోనే అయిపోయింది. రాజోల్లో ఉన్న నాన్నకి చెప్పాను.

"ఎవరు సంతకం పెట్టారమ్మా?"

"ఎవరూ పెట్టక్కర్లేదు నాన్నా."

"మరి ఎవరికి చెప్పి వచ్చావు?"

"మెయిల్ పెట్టాను," అన్నాను.