తాళం పడిన వేటగాడు

మా మామగారు కోపమొస్తే అరవరు. గోడకేసి తిరిగి కూర్చుంటారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక నెలల తరబడి అలాగే కూర్చున్నారు. ఆయన్ని మళ్లీ మనుషుల వైపు తిప్పింది నేనూ కాదు, మా అత్తగారూ కాదు, పులివెందుల డాక్టరిచ్చిన రబ్బరు బంతి అంతకన్నా కాదు. మా అమ్మాయి ఇడుపులపాయ హాస్టలుకు పోతూ ఇంట్లో వదిలేసిన వీడియో గేము.

వేళ్లు ఆడిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. బంతి పిసకడం మామగారికి నామోషీ. "చిన్నపిల్లోన్నా నేను?" అని దాన్ని మంచం కిందికి విసిరేశారు. మరి గేము ఆడటం నామోషీ కాదా అని అడగాలని నా నాలుక చివరిదాకా వచ్చేది. అడిగితే అదీ మానేస్తారని ఊరుకున్నాను.

ఆ గేములో నెత్తురు తాగే పిశాచాలుంటాయి. వాటిని చంపుకుంటూ కోట ఎక్కాలి. ఆడటానికి ముందుగా మనకిచ్చేది ఒక బక్కపలచని కుర్రాణ్ణి. వాడి పక్కన ఇంకో బొమ్మ నల్లటి నీడలా ఉంటుంది, దాని మీద తాళం గుర్తు. అతను పిశాచాల వేటగాడు. కోట అడుగు నుంచి కొస దాకా ఒక్కసారి కూడా చావకుండా ఎక్కితేనే ఆ తాళం వీడుతుంది. మధ్యలో కాసేపు ఆపుకోవచ్చు గానీ, గేము పెట్టె ఆరిపోయిందా, మళ్లీ మొదటికే. ఇదంతా మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. ఆ గేము పాత భాగాలన్నిట్లోనూ అతను తాళం వెనకాలే ఉండేవాడట.

మాది ప్రొద్దుటూరులో బట్టల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. మా ఆయనకు చెన్నూరులో పంతులు ఉద్యోగం, వ్యాపారమంటేనే గిట్టదు. మామగారు మంచాన పడ్డాక కొట్లో కూర్చున్నది నేను. జమ్మలమడుగులో మా నాన్న కొట్టు మూసేసిన రోజు నాకు బాగా గుర్తుంది. ఇంకో కొట్టు మూతపడటం చూసే ఓపిక నాకు లేదు. అయితే ఈ ఇంట్లో గుడ్డ తాను మీద కత్తెర పెట్టేది యజమాని ఒక్కడే. ఆయన చెయ్యి లేవకపోయినా ఆ కత్తెర ఆయన కూర్చునే గద్దె పక్కనే ఉండేది, నేను ముట్టేదాన్ని కాదు. చీరలూ తువ్వాళ్లూ అమ్ముకునేదాన్ని. మీటర్ల లెక్కన గుడ్డ అడిగిన వాళ్లను పక్క కొట్టుకు పంపాల్సి వస్తే ఒళ్లు మండిపోయేది.

ఇంతలో మామగారి మేనల్లుడొకడు తయారయ్యాడు, కొట్టు బాడుగకిస్తే సెల్‌ఫోన్లు పెట్టుకుంటానని. రోజూ వచ్చి కాఫీ తాగి, గోడలు కొలిచినట్టు చూసి పోయేవాడు. చివరికి మామగారు తెగేసి చెప్పారు. "ఈ వేటగాని తాళం తీసినానంటే నా చెయ్యి నాకొచ్చినట్టే. దసరా పండగ నాడు గద్దెక్కుతా. తీయలేకపోతే కొట్టు నీకే. దశమి నాడు పొద్దున రా, చెప్తా."

కొట్టు బతుకు ఒక బొమ్మ మీద పెట్టడమేమిటని నాకు మండింది. కానీ ఆయన మాటంటే మాటే. ఆ రోజు నుంచి నేను కూడా ఆ నల్లటి నీడకు లోలోపల దండం పెట్టుకోవడం మొదలుపెట్టాను.

నవమి నాడు ఆయుధపూజ. పొద్దున్నే మొదలుపెట్టిన ఆట మధ్యాహ్నానికి కోట కొసకు చేరింది. చివరి పిశాచం సగం చచ్చింది. మామగారి కుడి బొటనవేలు వణుకుతోంది, అయినా మీట మీద నుంచి జారడం లేదు. నేను తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాను. కింద నుంచి అత్తగారు కేక పెట్టారు. "పూజకు వేళవుతాంది! ఇంకా నీళ్లు పోసుకోలేదా?"

మామగారు ఆట ఆపి, పెట్టె అలాగే వెలుగుతుండగా లేచారు. "ఎవురూ దీన్ని ముట్టాకండి" అని నాతో చెప్పి స్నానానికి పోయారు. నేను పూలు సర్దడానికి కొట్లోకి దిగాను.

మీటరు కడ్డీ, కత్తెర, లెక్కల పుస్తకం పీట మీద వరసగా పెడుతున్నాను. ఈలోగా పైకి వెళ్లిన అత్తగారు మెట్లు దిగి వస్తున్నారు. చేతిలో ఇత్తడి పళ్లెం. పళ్లెంలో తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, గంధం పూసి, కుంకుమ పెట్టిన గేము పెట్టె. వైరు చక్కగా చుట్టి పక్కన పెట్టి ఉంది.

"అత్తా, ఏం చేసినారు?" అన్నాను.

మామగారు తల తుడుచుకుంటూ వచ్చి చూశారు. "ఎవురు తీసినారు దాన్ని?"

"నేనే తీసినా" అన్నారు అత్తగారు, ఏ పాపమూ ఎరగనట్టు. "మీ చెయ్యి లేపిన పనిముట్టు అదే గదా. అందుకే కత్తెర కంటే ముందు దానికే బొట్టు పెట్టినా."

పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు హారతి ఇచ్చి కదిలించేదాకా ముట్టకూడదు. మళ్లీ మొదటి నుంచి ఆడదామన్నా వీల్లేదు. మామగారు అరుస్తారేమోనని చూశాను, అరిస్తే బాగుండుననిపించింది. ఆయన పెట్టె మీది కుంకుమను చాలాసేపు చూసి, పైకి పోయి గోడకేసి తిరిగి కూర్చున్నారు. అన్నానికి కూడా లేవలేదు. నాకు అత్తగారి మీద పీకల దాకా కోపం వచ్చింది. ఆమె మాత్రం ఎందుకో తెలియక బిక్కుబిక్కుమంటూ తిరిగారు.

దశమి పొద్దున మేనల్లుడు ఇస్త్రీ చొక్కాతో దిగాడు. అత్తగారు హారతిచ్చి పీట కదిలించారు. మామగారు గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చారు.

"ఏం మామా, వేటగాడు వచ్చినాడా?"

"రాలేదు."

మేనల్లుడు నవ్వు దాచుకోలేకపోయాడు. మూతపడిన మా నాన్న కొట్టు తలుపులు గుర్తొచ్చి నేను తల దించుకున్నాను.

"నేను గద్దె ఎక్కను. ఆ మాట మీదే ఉండా" అన్నారు మామగారు. "కొట్టు నీకిస్తానంటి చూడు, ఆ మాట తప్పుతాండా. ఏమన్నా అనుకో."

పీట మీది కత్తెర అందుకున్నారు. కుడిచేత్తో. మా ఇళ్లలో కత్తెర చేతిలోంచి చేతిలోకి ఇవ్వరు, గొడవలొస్తాయంటారు. కింద పెడితే తీసుకోవాలి. ఆయన దాన్ని తాను మీద పెట్టి, పిడి నా వైపు తిప్పారు.

"తీసుకోమ్మా. బోణీ నువ్వు చెయ్యి."

"ఏంది మామా, ఆడమనిషి చేతికి కత్తెరా?" అన్నాడు మేనల్లుడు.

"నీకేం గుడ్డ కావాల్నో చెప్పు. కోస్తాది."

మేనల్లుడు చొక్కా గుడ్డ అన్నాడు. కత్తెర పిడి ఇంకా వెచ్చగా ఉంది. మీటరు కడ్డీ పెట్టి కొలిచాను. మామగారు స్టూలు లాక్కుని గోడకేసి తిరిగి కూర్చున్నారు. కోపంతో కాదు, నేను వంకరగా కోస్తే చూడలేక.

ముక్క తెగిన చప్పుడు వినబడ్డాక ఇటు తిరిగారు. అంచును వేళ్లతో తడిమి చూశారు. "సాపుగానే తెగిందే" అన్నారు.