తబిత నొక్కని ఎర్రబొమ్మ

తొంభై ఆరుమంది ఆడపిల్లలకి మూడు పూటలా వండిపెట్టే మనిషంటే బాగా దిట్టంగా ఉంటుందనుకుంటాం. తబిత అలా ఉండదు. పొట్టిగా, సన్నగా, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మాట్లాడితే పక్కవాళ్ళకి మాత్రమే వినపడేలా ఉంటుంది. భీమవరానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, రొయ్యల చెరువుల మధ్య ఉన్న మిషన్ బోర్డింగులో ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా వంటమనిషి. భర్త ఆరోన్ చెరువుల మీద మేత చల్లే పనికి వెళ్తాడు. కూతురు కాకినాడలో నర్సు.

ఆ బోర్డింగు వంటశాలలో మొన్నమొన్నటిదాకా మూడు కట్టెల పొయ్యిలు ఉండేవి. సరుగుడు కట్టెలు ఎండినవైతే సరే. వానాకాలం వస్తే మాత్రం తబిత ఊదురుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూలబడాల్సిందే. కళ్ళు ఎర్రబడేవి. దగ్గు మొదలైతే ఆగేది కాదు. కిందటి సంవత్సరం ఆ దగ్గు మరీ ఎక్కువై కూతురు బలవంతాన భీమవరంలో డాక్టరుకి చూపించింది. ఆయన ఛాతీకి గొట్టం పెట్టి చాలాసేపు విని, "బీడీలు గానీ తాగుతారా అమ్మా?" అని అడిగాడు. తబితకి నవ్వొచ్చింది. వంటపనని చెబితే, "అయితే ఆ పొగ మానెయ్యాలండి. మందులతో తగ్గేది కాదిది" అన్నాడు.

పొగ మానెయ్యడమంటే పని మానెయ్యడమే. ఆ మాట ఆవిడ బోర్డింగులో ఎవరికీ చెప్పలేదు.

అలాంటి సమయంలో, జూన్ నెలలో బడి తెరిచిన వారానికి కొత్త పొయ్యి వచ్చింది. పూణేలో పొయ్యిలు తయారుచేసే ఒక కంపెనీ, తణుకులో ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి గోదావరి జిల్లాల్లో పది హాస్టళ్ళకి వాటిని పెట్టింది. ఆర్నెల్లు వాడి చూడాలి. బాగుంటే ఉంచేస్తారు, ఇంకా చాలాచోట్ల పెడతారు. బాగాలేకపోతే తీసుకుపోతారు. సంస్థ తరఫున ఈ పనంతా చూసేవాడు ఉదయ్‌భాస్కర్ అనే ఇంజనీరు. తణుకులో కిరాణా వ్యాపారస్తుల పిల్లవాడు, ముప్పై ఏళ్ళు ఉండవు.

పొయ్యి కాళ్ళ మీద నిలబెట్టిన, నడుమెత్తు స్టీలు డబ్బాలా ఉంది. మిల్లుల్లో మిగిలిపోయే ఊకని గట్టిగా నొక్కి చేసిన గుళికలే దానికి కట్టెలు. కప్పు మీద పెట్టిన సోలార్ పలక నుంచి కరెంటు వచ్చి అడుగున చిన్న ఫ్యాను తిరుగుతుంది. మంట నీలంగా, పొగ లేకుండా వస్తుంది.

"వంటశాలలో గుళికలేంటి?" అన్నాడు ఆరోన్ ఆ మాట విని. ఆయనకి గుళికలంటే వరిచేలో పురుగు చావడానికి చల్లేవే తెలుసు. పిల్లలు కూడా భయపడుతున్నారని వార్డెన్ మెర్సీ గారు వాటికి ఊక బిస్కెట్లని పేరు పెట్టింది. అప్పటినుంచి అందరికీ అదే పేరు.

మొదటి నెల తబిత జీవితంలో అంత సుఖపడ్డ నెల లేదు. అన్నం ఉడుకుతుంటే పొయ్యి పక్కనే నిలబడి కూరలు తరుక్కునేది. ఆదివారం గుడిలో పాట పాడుతుంటే మధ్యలో దగ్గు రాలేదు. పక్కన కూర్చున్నావిడ ఆశ్చర్యంగా తిరిగి చూసింది కూడా.

ఉదయ్‌భాస్కర్ ఆవిడకి ఒక ఫోను ఇచ్చి వెళ్ళాడు. పూటపూటకీ వంటయ్యాక అందులో ఒక బొమ్మ నొక్కాలి. పొయ్యి మీదే వంట సరిగ్గా జరిగితే నవ్వే పచ్చబొమ్మ, ఇబ్బంది ఉంటే మూతి ముడుచుకున్న ఎర్రబొమ్మ. తబిత రోజూ మూడుసార్లు పచ్చబొమ్మ నొక్కేది. నిజంగానే నొక్కేది.

జులై చివర్లో ముసురు పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు కనపడలేదు. ఫ్యాను నీరసంగా తిరగసాగింది. బస్తాల్లో ఉన్న ఊక బిస్కెట్లు చెమ్మెక్కి, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయాయి. పద్నాలుగు కిలోల బియ్యానికి ఎసరు పెడితే గంటంబావు అయినా మరగలేదు. తొమ్మిదింటికి పిల్లలు బడికి వెళ్ళాలి. తబిత నీళ్ళు తోడేసి గుండిగ దింపి, వెనకపక్క రేకుల పంచలో పాత ఇటుకలు మూడు పేర్చి, కట్టెలు వెలిగించి అక్కడ అన్నం వండింది. పిల్లలు వేళకి తిన్నారు.

ఆ తర్వాత ఫోను చేతిలోకి తీసుకుంది. ఎర్రబొమ్మ మీదికి వేలు వెళ్ళింది కానీ నొక్కలేకపోయింది. బాగాలేదని చెబితే తీసుకుపోతారు. పచ్చబొమ్మే నొక్కింది.

ఆ రోజు మొదలు, ముసురు పట్టినప్పుడల్లా వంట పంచలోనే. ఆగస్టు సగానికి వచ్చేసరికి వారంలో సగం పూటలు అలాగే నడిచాయి. పంచలో పొగ పైకి పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. దగ్గు మళ్ళీ మొదలైంది. మెర్సీ గారు ఆఫీసు గదిలో ఉంటుంది కాబట్టి ఆవిడకి తెలియదు. ఆరోన్‌కి మాత్రం తెలుసు.

"చెప్పెయ్యొచ్చుగా తబితా," అన్నాడు.

"చెబితే పట్టుకుపోతారయ్యా. ఎండలొస్తే బానే పనిచేస్తది కదా. అందాకా లాగేస్తాను."

"అబద్ధం ఎన్నాళ్ళు లాగుతావు?"

ఆవిడ దేవుడి దగ్గర కూడా ఆ సంగతి ఎత్తకుండానే ప్రార్థన చేసుకునేది, అదే తనకి ఎక్కువ బాధగా ఉండేది.

ఆగస్టు మూడోవారంలో ఒక మధ్యాహ్నం ఉదయ్‌భాస్కర్ మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎప్పుడూ ముందు ఫోను చేసి వచ్చేవాడు, ఆ రోజు చెయ్యలేదు. తిన్నగా వంటశాలకి వచ్చి, పొయ్యి పక్కన అగ్గిపెట్టంత నల్లడబ్బా ఒకటి ఉంటే దాన్ని చూపించాడు.

"తబితమ్మ గారూ, ఇది ఎందుకో మొదటిరోజు చెప్పాను, గుర్తుందాండి?"

లేదంది.

"పొయ్యి ఎంత వేడెక్కిందో ఎప్పటికప్పుడు రాసుకుంటుందండి ఇది. ఆ లెక్క మా ఆఫీసుకి వచ్చేస్తుంది." లాప్‌టాప్ తెరిచి ఒక గీత చూపించాడు. "ఇదిగోండి, పన్నెండో తారీకు పొద్దున్న. పొయ్యి సగం వేడెక్కి ఆగిపోయింది. కానీ మీరు పచ్చబొమ్మ నొక్కారు. పదమూడు, పదిహేను, పదహారు... అన్నీ ఇంతే."

తబిత పద్దెనిమిదేళ్ళలో ఒక గరిటెడు నూనె ఇంటికి పట్టుకెళ్ళిన మనిషి కాదు. అలాంటిది ఒక కుర్రాడి ముందు తలదించుకుని నిలబడాల్సి వచ్చింది.

"తప్పయిపోయింది బాబూ," అంది. "వెనక పంచలో కట్టెల మీద వండానండి. పిల్లలకి ఆలస్యమైపోద్దని. బాగాలేదంటే పొయ్యి తీసుకుపోతారని భయపడి..." దగ్గు వచ్చింది.

ఉదయ్‌భాస్కర్ లాప్‌టాప్ మూసి, అక్కడున్న బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. కోపంగా ఉన్నాడేమోనని తబిత చూసింది. అతను గట్టిగా ఊపిరి వదిలాడు.

"అమ్మయ్య," అన్నాడు. "ఇప్పటికి ఒక్కరు చెప్పారండి."

"ఏంటి బాబూ?"

"పది హాస్టళ్ళండి. అన్నిచోట్లా పొయ్యి చల్లగానే ఉంటోంది, అందరూ పచ్చబొమ్మే నొక్కుతున్నారు. అడిగితే బాగానే ఉందంటారు. ఎర్రబొమ్మ నొక్కినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. లోపం ఎక్కడుందో తెలీక నెలరోజుల్నుంచి నాకు నిద్రలేదండి. మీరు గనక అసలేం జరిగిందో చెప్తే..."

తబిత చెప్పింది. మొదట భయంభయంగా, తర్వాత ఒకటొకటిగా అన్నీ. బిస్కెట్లు చెమ్మెక్కుతున్నాయి. మబ్బు పట్టిన మూడోరోజుకి ఫ్యాను తిరగదు. పొయ్యి ఎత్తు ఎక్కువ. గుండిగలో అన్నం కలపాలంటే పీట వేసుకుని ఎక్కాలి, గంజి వార్చేటప్పుడు పీట కదిలితే ఒంటిమీద పడుతుంది. అతను ప్రతిమాటా రాసుకున్నాడు. ఆ సాయంత్రం వంట అయ్యేదాకా అక్కడే ఉండి చూశాడు.

వెళ్ళేముందు తబిత అడిగింది. "పొయ్యి ఉంచుతారా బాబూ?"

"నా చేతిలో లేదండి. నేను కంపెనీవాళ్ళకి ఉన్నదున్నట్టు రాస్తాను. వాళ్ళు ఆపేద్దామన్నా అనొచ్చు."

తబిత అప్పుడే వెళ్ళి మెర్సీ గారికి సంగతంతా చెప్పేసింది. మెర్సీ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాకు చెప్పకుండా నెల్లాళ్ళు ఆ పంచలో పొగలో కూర్చున్నావా?" అంది. అబద్ధం గురించి ఒక్కమాటా అనలేదు. మర్నాటి నుంచి ముసురు పట్టిన రోజుల్లో పొద్దుటి అన్నం ఆలస్యమైనా సరే, బడిలో చెప్పి ఒప్పించే బాధ్యత తనదని చెప్పింది.

పన్నెండు రోజులు ఏ కబురూ లేదు. ఆ పన్నెండు రోజులూ వాకిట్లో లారీ చప్పుడైతే చాలు, పొయ్యి ఎక్కించుకుపోవడానికే వచ్చారని తబిత చేతిలో పని వదిలేసి చూసేది. ఒకసారి అది కూరగాయల ఆటో. ఇంకోసారి ఐసు లారీ, దారి తప్పి వచ్చింది.

పదమూడో రోజున ఉదయ్‌భాస్కర్‌తోపాటు పూణే నుంచి కంపెనీ మేడమ్ ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. తెలుగు రాదు, ఉదయ్‌భాస్కర్ రెండువైపులా చెప్పాడు. ఆవిడ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, పీట ఎక్కి గుండిగలో గరిటె తిప్పి చూసింది. రెండుసార్లు తిప్పేసరికి చెయ్యి ఆడలేదు. కిందికి దిగి ఏదో అంది.

"మా ఆఫీసులో ఈ పొయ్యి మీద ఎప్పుడూ నాలుగు కిలోల బియ్యమే వండి చూశాం అంటున్నారండి," అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"నాలుగు కిలోలు మా చిన్నపిల్లలకి కూడా చాలవండి," అంది తబిత. అనేశాక, ఎక్కువ మాట్లాడానేమోనని భయపడింది. అతను ఆ మాట కూడా చెప్పాడు. మేడమ్ నవ్వలేదు, తలూపింది. ఇంకా ఏమున్నాయో చెప్పమంది. తబిత ఇంకా రెండు చెప్పింది.

వాళ్ళు పొయ్యి తీసుకుపోలేదు. మిగతా హాస్టళ్ళలో కూడా తీసెయ్యలేదు. భీమవరంలో రాజేంద్ర అనే వెల్డరుని పిలిపించి పొయ్యి కాళ్ళు జానెడు కోయించారు. పొయ్యి వెనకవైపు వేడి వృథాగా పోయే చోట ఒక రేకు పెట్టె బిగించారు. రేపటికి కావలసిన బిస్కెట్లు ఇవాళే అందులో పోస్తే ఎండిపోయి గలగలలాడతాయి. ఫ్యానుకి పెద్ద బ్యాటరీ వచ్చింది. పెట్టె తలుపు ఏ వైపుకి తెరుచుకోవాలో రాజేంద్ర తబితనే అడిగి పెట్టాడు.

అక్టోబరులో వాయుగుండం వచ్చి అయిదు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. బడికి సెలవులిచ్చారు గానీ బోర్డింగు పిల్లలు బోర్డింగులోనే ఉన్నారు. మొదటిరోజు తబిత ఎందుకైనా మంచిదని పంచలో కట్టెలు సిద్ధం చేసి పెట్టుకుంది. రెండోరోజు ఎసరు నలభై నిమిషాల్లో మరిగింది. నాలుగోరోజూ అంతే. అయిదోరోజు మధ్యాహ్నం వంటయ్యాక ఆవిడ వంటశాల గుమ్మంలో కూర్చుని, ఏ కారణమూ లేకుండా కాసేపు ఏడ్చింది. అటుగా వచ్చిన మెర్సీ గారు ఏమైందని కంగారుపడితే, "ఏం లేదండి, ఊరికినే," అంది.

క్రిస్మస్‌కి కూతురు వచ్చినప్పుడు మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఛాతీ విని, మందు సగానికి తగ్గించి రాశాడు. పని మానెయ్యాల్సిన అవసరం కనపడలేదు.

ఫిబ్రవరిలో తుని దగ్గర ఒక హాస్టలుకి ఈ మార్పులన్నీ చేసిన కొత్తరకం పొయ్యి పెట్టారు. వాడకం నేర్పడానికి తబితనే పంపమని కంపెనీ అడిగింది. ఆరోన్ తోడు రాగా రైలెక్కి వెళ్ళింది. అక్కడి వంటావిడ పేరు రత్నమాణిక్యం, అరవైకి దగ్గరలో ఉంది. చేతులు కట్టుకుని దూరంగా నిలబడి చూస్తోంది. తబిత పొయ్యి గురించి చెప్పకుండా ముందు ఎన్ని కిలోలు వండుతారని అడిగింది, నడుం నొప్పి ఉందా అని అడిగింది. ఉందంది రత్నమాణిక్యం. ఇద్దరూ గుండిగకి చెరోవైపు పట్టుకుని పొయ్యి మీదికి ఎత్తారు. ఎసరు మరిగేలోగా రత్నమాణిక్యం టీ పెట్టింది. ఆరోన్ బయట వరండాలో కూర్చుని, హాస్టలు వాచ్‌మన్‌తో జీడితోటల సంగతి మాట్లాడుతున్నాడు.